గీత గీసిన కార్డుల కట్ట

మొన్న గురువారం పొద్దున తార్నాకలో మా రెండు గదుల ఫ్లాటుకు యూనివర్సిటీ నుంచి ఒక లెక్చరరమ్మాయి వచ్చింది. లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కి వచ్చిందేమో, మంచినీళ్లు తాగాక గానీ మాట రాలేదు. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను కనుక, నా దగ్గర చదివిన పిల్లలెవరో అనుకుని టీ పెట్టాను. స్టీలు డబ్బాలోంచి చక్కెర తీసి కలుపుతుండగా ఆ అమ్మాయి ప్లాస్టిక్ ఫోల్డరు తెరిచి ఒక పొడుగాటి కాగితం నా ముందు పరిచింది. అంచుల వెంట వరసగా రంధ్రాలు, పాత పేపరు పసుపు. దాని మీద అరచేయంత అక్షరాలు, అన్నీ చుక్కలు పేర్చి చేసినవి: 'లెక్కలు – తప్పినది'. నా చేతిలోని చెంచా టీలో పడింది.

"మా దగ్గర కంప్యూటర్ మీద అచ్చయిన మొట్టమొదటి తెలుగు కాగితం ఇదే మేడం," అంది. "ఎవరు చేసిన్రో ఎవ్వరికీ తెల్వదు. లెక్కలు తప్పినది అని ఎందుకు కొట్టిన్రో అసలే తెల్వదు." కొత్త బిల్డింగులో ఒక రాతి పలక పెడుతున్నారట. ఈ కంప్యూటర్ పనులు మొదలుపెట్టినవాళ్ల పేర్లు చెక్కిస్తారట. శనివారం పన్నెండింటికి చెక్కేవాడికి రాత ఇచ్చేయాలి. ఆధారం దొరక్కపోతే ఈ కాగితం పక్కన అప్పటి కంప్యూటర్ సెంటరు పెద్దసారు పేరు వేసేస్తారు. రిటైరైన ఒక అటెండరు మాత్రం, అది తార్నాక మేడం చేసింది, ఆమె మేనకోడలు టీచరమ్మ, ఆమెనడగండి అన్నాడట. "ఒక్క కార్డు దొరికినా చాలు మేడం. అప్పటి కార్డులల్ల చివరి గడులల్ల పేరు కొట్టుకునేటోళ్లట గదా. పేరుంటే కమిటీ కాదనది." నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. చూస్తానమ్మా అని మాత్రం అన్నాను. ఆ కార్డులు ఏమయ్యాయో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. వాటిని పాడుచేసింది కూడా నేనే.

తార్నాక మేడం అంటే మా మేనత్త, నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. అప్పట్లో తార్నాకలో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకుని, కాలేజీ చదువు కోసం నన్ను తన దగ్గర ఉంచుకుంది. పొట్టి మనిషి, వాయిల్ చీర, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరులో ఉద్యోగం. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదంత యంత్రం, దానికి చల్లదనం కావాలి, మనుషులు ఏమైపోయినా సరే. అందుకని మా అత్త రోహిణి కార్తెలో, రోడ్ల మీద తారు కరుగుతుంటే, చేతి మీద ఉన్ని స్వెటరు వేసుకుని క్యాంపస్‌కు నడిచి పోయేది. "టీచరమ్మకు చలిజ్వరం ఇంక తగ్గలేదా?" అని కింది వాటా ఆమె నన్ను పక్కకు పిలిచి అడిగేది. టీచరు కాదండీ అంటే వినేది కాదు. ఆడమనిషి రోజూ యూనివర్సిటీకి పోతే ఇంకేం పనుంటుందని ఆమె నమ్మకం.

ఆ యంత్రానికి మనం చెప్పదలచింది కార్డుల మీద రంధ్రాలు కొట్టి చెప్పాలి. పోస్టుకార్డు కన్నా పొడుగు, కొంచెం మందం. ఒక్కో కార్డుకు ఎనభై నిలువు గడులు. ఒక్కో కార్డు ఒక్క ముక్క మాట. ఆ ముక్కలన్నీ వరస తప్పకుండా పేర్చితేనే యంత్రానికి అర్థమయ్యేది. అందులో చివరి ఎనిమిది గడులను యంత్రం చదవదు. పనిచేసేవాళ్లు అక్కడ తమ పేరు పొట్టిగా, కార్డు వరస నంబరు కొట్టుకునేవాళ్లు. అత్త ఒకసారి నాకు ఆ గడులు చూపించి, "ఇవి మిషన్ చదవదే. మనుషుల కోసం ఉంచిన్రు," అంది. కట్ట మొత్తం పేర్చాక పై అంచు మీద ఎర్ర పెన్సిలుతో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక వాలు గీత గీసేది. కట్ట చేజారి చెల్లాచెదురైనా, గీత కలిసేదాకా సర్దుకుంటే వరస వచ్చేస్తుంది.

పనికిరాని కార్డులు క్యాంపస్‌లో అందరూ ఇళ్లకు తెచ్చుకునేవాళ్లు. కిరాణా చీటీలు, చాకలి పద్దు, పిల్లల ఎక్కాలు అన్నీ వాటి వెనకే. మా ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె నిండా ఉండేవి. నా ఆల్జీబ్రా అంతా వాటి మీదే తప్పాను. అత్త పెట్టిన నియమం ఒక్కటే. "గీత లేనియి నీయి. గీత ఉన్న కట్ట మాత్రం ముట్టకు బిడ్డా."

ఇక లెక్కలు తప్పిన సంగతి. మా తాత మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాడు, గ్యాంగులో పని. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు రాదు. అత్త ఎనిమిదో తరగతిలో ఉండగా మార్కుల కాగితం ఇంగ్లీషులో వచ్చింది. చదివి చెప్పవే అంటే, అన్నీ పాసైన నాయినా అని చెప్పింది. నిజానికి లెక్కల్లో గుండు కొట్టింది. తాత ఆ రోజు క్వార్టర్లలో అందరికీ బత్తీస మిఠాయిలు పంచాడట. "ఆ బత్తీస నా గొంతుల ఇప్పటికీ ఉన్నదే," అనేది అత్త. "నాయినకు వచ్చిన అక్షరంల ఆ కాగితం ఉంటే నేను అబద్ధం చెప్పకపోదును." కంప్యూటరు చేత తెలుగు అచ్చేయించాలన్న పట్టు ఆమెకు అక్కణ్నుంచే వచ్చింది. ఆ ప్రింటరుకు ఇంగ్లీషు పెద్దక్షరాలు, చుక్క, కొన్ని గుర్తులు తప్ప ఏమీ తెలియవు. అత్త గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి చూసుకుంది. ప్రతి అక్షరాన్నీ విడిగా చేయబోతే జీవితం చాలదని, తలకట్టు వేరు, ఒళ్లు వేరు, కింద ఒత్తు వేరుగా చేసిపెట్టి, ఎప్పుడు ఏది కావాలో యంత్రమే అతికించుకునేట్టు రాసింది. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. అప్పుడు పెద్దసారు, "ఇదంతా ఎందుకమ్మా, జీతాల లిస్టులు చూడు," అన్నాడట. జీతాల లిస్టులు పగలు చూసి, భోజనాల గంటలో, సెలవు రోజుల్లో ఇది చేసింది.

మొదటిసారి తెలుగు వచ్చిన రోజు ఆమె కొట్టించింది దేవుడి పేరు కాదు, దేశం పేరు కాదు. 'లెక్కలు – తప్పినది'. రెండు ప్రతులు తీసి ఒకటి పట్టుకుని మెట్టుగూడ పోయింది, నేనూ వెంట పోయాను. తాత ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. అర్థం కావడానికి కాసేపు పట్టింది. "గిన్నేండ్లకా చెప్పుడు? నా బత్తీసలు నాకియ్యి," అని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ కాగితం గోడకు అంటించుకుని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. క్వార్టర్లు ఖాళీ చేసిన రోజు గోడతో పాటు అదీ అక్కడే ఉండిపోయింది. రెండో ప్రతే ఇప్పుడు లెక్చరరమ్మాయి ఫోల్డరులో ఉన్నది.

ఆ తర్వాత అత్త పని పెంచుకుంటూ పోయింది. గుణింతాలు, ఒత్తులు అన్నీ చేరి కట్ట ఆరొందల కార్డులు దాటింది. ఆ ఏడు డిసెంబరులో సెంటరుకు సున్నాలు వేస్తున్నారు, నీళ్లు పడతాయని భయపడి కట్టను ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టింది. అప్పుడే మౌలాలిలో, గుట్ట కింద అమ్మానాన్నలుండే మా ఇంటి దగ్గర, చర్చివాళ్లు క్రిస్మస్ నక్షత్రాల పోటీ పెట్టారు. మా బస్తీకీ మెట్టుగూడ పిల్లలకూ ఏటా పంతమే. మామూలు రంగు కాగితం నక్షత్రం ఎవరైనా చేస్తారు. కార్డులతో చేసి లోపల బల్బు పెడితే ప్రతి రంధ్రంలోంచీ వెలుగు వస్తుందని నాకు తోచింది. ఆ తెలివి లెక్కల్లో చూపించి ఉంటే ఎంత బాగుండేది!

"అత్తా, కార్డులు తీస్కోనా?" అన్నాను. స్వెటరు వేసుకుంటూ, "పెట్టెల ఉన్నయి గదా, తీస్కో," అని వెళ్లిపోయింది. ఆమె చెప్పింది అటక మీది పెట్టె. అది దింపి చూశాను. అన్నీ మడతలు పడ్డవి, వెనక కందిపప్పు రెండు కిలోలు, సబ్బులు నాలుగు. మంచం కింద పెట్టెలోవి కొత్త పెళ్లికూతురిలా నిటారుగా ఉన్నాయి. పొరపాటున తీశానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఎర్ర గీత నాకు కనబడింది. పాతది అయ్యుంటుందిలే, అడిగితే చెబుదాంలే అనుకున్నాను. పదిహేడేళ్ల మనిషికి మెట్టుగూడవాళ్ల మీద గెలవడం కన్నా లోకంలో ఏదీ పెద్దది కాదు.

మౌలాలిలో వసారాలో కూర్చుని మూడు రోజులు అతికించాను. మైదా జిగురు. కొమ్ముల కొనలు సన్నగా రావాలని ఒక్కో కార్డు కుడివైపు బొటనవేలి వెడల్పున కత్తెరేశాను. మిగిలిన కార్డులతో తోరణాలు చేసి పందిరికి కట్టాం. నక్షత్రానికి మొదటి బహుమతి వచ్చింది, మూత ఉన్న స్టీలు డబ్బా. చెప్పానుగా, దాంట్లోనే ఇప్పటికీ చక్కెర పోసుకుంటున్నాను.

పండుగ రోజు చర్చి అయ్యాక అత్త వచ్చింది. వసారా మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది. పగలే అయినా మేం గొప్ప కోసం బల్బు వేసి ఉంచాం. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. రంధ్రాలను అక్షరాల్లా చదివే మనిషి ఆమె. స్టూలు అడిగి నక్షత్రం కింద వేసుకుని, సంచిలోంచి నోటుబుక్కు తీసి, తల పైకెత్తి చూస్తూ రాసుకోవడం మొదలుపెట్టింది. మా బాబాయి ఊరుకుంటాడా? "నక్షత్రం చూసుకుంట వచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురే అనుకున్నం. మా అక్క నాలుగో ఆమె, ఆలస్యంగ వచ్చింది," అన్నాడు. ఇల్లంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ఆమె తిట్టలేదు కనుక అది పాత కట్టే అయ్యుంటుందని ప్రాణం కుదుటపడింది నాకు. మూడుసార్లు అన్నానికి పిలిచారు. వస్తున్న, వస్తున్న అంటూ రాస్తూనే ఉంది. ఇంతలో కరెంటు పోయింది. బల్బు ఆరిపోయాక ఆమె కంటికి రంధ్రాలు ఆనలేదు. కాసేపు అట్లాగే చూసి నోటుబుక్కు మూసింది. "మంచిగ చేసినవు బిడ్డా. పద, తిందాం," అంది. నా పక్కనే కూర్చుని బిర్యానీ తిన్నది. తోరణాలు అప్పటికే గాలికి పందిరి మీంచి తెగి సగం మోరీ కాలవలో పడ్డాయి.

తార్నాకకు తిరిగొచ్చాక మంచం కింది ఖాళీ పెట్టె తీసి ఆమే బయట పెట్టింది. దాని గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం, ఉద్యోగం వచ్చాక చెబుదాం. ఆమె మళ్లీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టింది. అది సగానికి రాకముందే సెంటరులో కార్డుల యంత్రం తీసేశారు. ఆమె గళ్ల కాగితాలు ఎవరెవరో స్టూడెంట్లు తీసుకుపోయారు. తల, ఒళ్లు, ఒత్తు విడదీసే ఆమె పద్ధతి వాళ్ల చేతుల్లో పెరిగింది, పేరు మాత్రం వెంట పోలేదు. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు, బత్తాయి వలిచి పెడుతుంటే ఉన్నట్టుండి అడిగింది. "ఆ నక్షత్రానికి ప్రైజ్ ఏమొచ్చిందే?" స్టీలు డబ్బా అన్నాను. "మంచిదే. సామానొచ్చింది," అంది. అది నాకు ఆమె ఇచ్చిన ఆఖరి అవకాశమని ఇప్పుడు తెలుస్తోంది. నేను ఇంకో తొన వలిచాను. వారానికి పోయింది.

గురువారం లెక్చరరమ్మాయి మెట్లు దిగీ దిగకముందే బీరువా బోర్లించాను. అటక మీది పాత కార్డులు పది దొరికాయి. అన్నిటి చివరా వేరేవాళ్ల పేర్లు, వెనక నా చేతిరాతలో కందిపప్పు. శుక్రవారం పొద్దున్నే ఆటో ఎక్కి గోల్నాక పోయాను. మౌలాలి ఇల్లు అమ్మినప్పుడు సామాను అన్నతో పాటు అక్కడికి చేరింది. అన్న లేడు, వదిన ఉన్నది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు ఆటోలో తెలిసింది. ఒక్క కార్డు ప్రభూ, ఒక్క కార్డు, అంటూనే పోయాను.

"నక్షత్రమా? మీ అన్న పారేయనియ్యలే," అంది వదిన. "సజ్జ మీద గోనెసంచిల ఉండాలె. గిప్పుడేం పనొచ్చె?" కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కబోతే ఆమె నా మోకాళ్లు చూసి, పక్కింటామెను పిలిచి దింపించింది. సంచి విప్పితే మట్టి. మైదా జిగురు చెదలకు విందు భోజనం. ఐదు కొమ్ముల్లో నాలుగు పొడి అయిపోయాయి. ఒక్క కొమ్ము మాత్రం నిలిచింది, పన్నెండు కార్డులు. దేవుడున్నాడు అనుకుంటూ కుడి చివర వెతికాను. లేదు. ఏ కార్డుకూ లేదు. అన్నీ బొటనవేలి వెడల్పున సాఫీగా, వంకర లేకుండా కత్తిరించి ఉన్నాయి. కొన సన్నగా రావాలని నేనే కోశాను. మనుషుల కోసం ఉంచిన ఎనిమిది గడులూ కోసి మౌలాలి వసారాలో ఊడ్చి పారేశాను.

అరవై దాటిన ముసలిదాన్ని, వదిన ఇంటి ముందు గదిలో నేల మీద కూర్చుని చంటిపిల్లలా ఏడ్చాను. "అయ్యో, కాగితాల కోసం గింత ఏడుస్తరా?" అని వదిన కంగారుపడి నీళ్లు తెచ్చింది. చెప్పాను. అన్నీ చెప్పాను, గీత కనబడిన సంగతితో సహా. ఆమె నా చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. "మీ అత్తకు ఎరికే," అంది. "ఎరికయ్యి కడుపుల పెట్టుకున్నది. నువ్వింక ఎన్నాళ్లు పెట్టుకుంటవ్?"

శనివారం పదింటికి ఆ కొమ్మును పాత చీరలో చుట్టుకుని క్యాంపస్‌కు పోయాను. పేరున్న కార్డు దొరకలేదమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. తర్వాత ఏదో గుర్తొచ్చి, ఇనప అల్మారాలోంచి ఒక నోటుబుక్కు తెచ్చింది. "ఇది పాత ఫైళ్లల్ల దొరికింది మేడం. తలాతోకా తెలుస్తలేదు. దీని మీద కూడ పేరు లేదు." అట్ట చూడగానే గుర్తుపట్టాను, పండుగ నాడు స్టూలు మీద కూర్చుని ఆమె రాసుకున్నదే. మొదటి పేజీ మీద అత్త చేతిరాత: 'క్రిస్మస్ పండుగ. నక్షత్రం చూసి రాసుకున్నవి.' కింద వరస నంబర్లు. ఒక్కో నంబరు ఎదురుగా ఆ కార్డులో ఏ తలకట్టో, ఏ ఒత్తో, ఏమున్నదో రాసింది. నంబర్లు కోసేసినా, ఏ కార్డు ఎన్నోదో ఆమెకు నోటికే తెలుసు. రాసినవి నలభై ఒకటి. మిగిలినవన్నీ నంబరు వేసి, ఎదురుగా ఖాళీ వదిలింది. పేజీ తిప్పితే ఖాళీ, ఇంకో పేజీ ఖాళీ, ఆరొందల నంబర్ల దాకా. దొరికినప్పుడు నింపుకుందామని చోటు ఉంచుకుంది. కరెంటు వచ్చాక మళ్లీ స్టూలు వేసుకోమని ఒక్కరమైనా అన్నామా!

చీర విప్పి కొమ్ము బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి ఒక్కో కార్డు రంధ్రాలు లెక్కపెట్టి నోటుబుక్కుతో పోల్చి చూసింది. పన్నెండులో తొమ్మిది అక్కడున్నాయి, ముక్కకు ముక్క సరిపోయాయి. మా ఇంటి బైబిల్లో అత్త రాసిన పుట్టినరోజుల పేజీ కూడా ఎందుకైనా మంచిదని తీసుకుపోయాను, చేతిరాత అదే. "సరిపోతది మేడం," అంది, తర్వాత తటపటాయించింది. "కానీ కమిటీ అడుగుతది. ప్రోగ్రాం నక్షత్రం మీదికి ఎట్ల పోయింది, పేర్లు ఎందుకు కోసి ఉన్నయని. అది మీరు రాసియ్యాలె. సంతకంతోని."

నేను చెబుతుంటే ఆమె కంప్యూటరులో తెలుగులోనే కొట్టింది. తలకట్లు, ఒత్తులు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. 'ఎర్ర గీత నాకు కనబడింది' అన్న చోట ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. ఉంచు అన్నాను. ప్రింటరు కాగితాన్ని వెచ్చగా బయటకు తోసింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుని సంతకం చేశాను. ఆ అమ్మాయి కాగితం, నోటుబుక్కు, కొమ్ము పట్టుకుని కమిటీ గదికి పరుగెత్తింది. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. వరండాలో బెంచీ మీద కూర్చుని గడియారం చూశాను. ఇన్నేళ్లూ నేను దాచుకున్నది నా తప్పు ఒక్కటే అనుకున్నాను. దాని కిందే అత్త పేరు కూడా పడి ఉందని, ఆమె కాలమంతా గడిచి, నా కాలమూ చాలావరకు గడిచాక, శనివారం పన్నెండుకు పది నిమిషాల ముందు తెలిసింది.